బొంతకు కొత్త బట్ట: తూచి, కాల్చి, ఉతికి కొన్న లెక్క

ఇది బొంత కుట్టడం గురించి కాదు, బొంతకు బట్ట కొనడం గురించి. కుట్టే పద్ధతి ఏ వీడియోలోనైనా దొరుకుతుంది. కొట్టువాడు బట్ట తాను (చుట్ట) విప్పి ముందు పరిచినప్పుడు ఏం చూడాలి, ఇంటికి తెచ్చాక ఏం కొలవాలి అన్నదే చిక్కు. ఈ లెక్కలన్నీ విజయవాడలో కొన్న బట్టవి. ధరలు నేను ఇచ్చినవి. మీ ఊళ్ళో ధర వేరే ఉంటుంది గానీ కొలిచే తీరు మారదు.

మన ఇళ్ళలో బొంతకి బట్ట కొనే అలవాటు అసలు లేదు. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి కుట్టేవాళ్ళు. పాత చీరకు ఏ పరీక్షా అక్కర్లేదు. వందసార్లు ఉతికేసరికి ముడుచుకోవలసినంత ముడుచుకుని ఉంటుంది, పోవలసిన రంగంతా పోయి ఉంటుంది, గంజి ఆనవాలు కూడా మిగలదు. కొత్త బట్ట ఇవన్నీ బొంతలోకి చేరాక మొదలుపెడుతుంది. అందుకే వాటిని కుట్టకముందే బయటపెట్టించాలి. ఈ డైరీ అంతా ఆ పనే.

పని వివరం

- సైజు: సింగిల్ మంచానికి, సుమారు 150 × 225 సెం.మీ.
- పైభాగం: అడ్డం 6, నిలువు 9, మొత్తం 54 చదరపు ముక్కలు
- మొదట అనుకున్న ముక్క: కుట్టాక 25 సెం.మీ., కుట్టు మార్జిన్‌తో (కుట్టు లోపలికి పోయే అంచు) కలిపి 26.5 సెం.మీ. (ఇది తర్వాత మారింది, కారణం 5వ దశలో)
- సామాను: వంటింటి డిజిటల్ కాటా, టేపు, స్టీలు స్కేలు, భూతద్దం (రూ. 120), మెడికల్ షాపు టించర్ అయోడిన్ (రూ. 25), సూదులు (రూ. 40)

సామాను ఖర్చు: రూ. 185

## 1వ దశ: నమూనా ముక్కలు

అరమీటరు కంటే తక్కువ ఎవరూ కొయ్యరు. కాబట్టి ప్రతి రకంలో అరమీటరు.

1. కేంబ్రిక్ ప్రింట్, 44 అంగుళాల పన్నా (బట్ట వెడల్పు), మీటరు రూ. 120
2. టూ బై టూ రూబియా (జాకెట్టు గుడ్డ), 36 పన్నా, రూ. 90
3. మంగళగిరి చేనేత ప్లెయిన్, 46 పన్నా, రూ. 280
4. పెడన కలంకారీ, బ్లాక్ ప్రింట్, 44 పన్నా, రూ. 190
5. రోడ్డు పక్క బండి మీద ‘ప్యూర్ కాటన్’ ప్రింట్, 44 పన్నా, రూ. 70
6. ఇకత్, 44 పన్నా అని చెప్పారు, టేపు పెడితే 42 వచ్చింది, రూ. 240

ఆరో నంబరు చూశారుగా. పన్నా నోటిమాట మీద నమ్మకూడదు. తాను పరిచి ఉండగానే అంచు నుంచి అంచుకు టేపు పెట్టాలి, అదీ లాగకుండా. 44కు బదులు 42 అంటే మీటరుకు 5 సెం.మీ. వెడల్పు పోయినట్టు. బేరమాడి పది రూపాయలు తగ్గించుకున్నా అది ఇక్కడికే సరి.

కోయించుకునేటప్పుడు చూడాల్సింది ఇంకొకటి. కొట్టువాడు అంచున కత్తెరతో గంటుపెట్టి చర్రున చింపుతాడు. నూలు సాదా నేత పోగు వెంటే చిరుగుతుంది, కాబట్టి చింపిన అంచు నిజమైన అడ్డం. ఇప్పుడు ప్రింటులోని అడ్డగీత ఆ అంచుతో పాటే నడుస్తోందా, లేక ఒక పక్కకి ఎక్కుతోందా చూడండి. నేను చూసిన ఒక గళ్ళ ప్రింటు ఈ చివర నుంచి ఆ చివరకు వచ్చేసరికి 4 సెం.మీ. ఎక్కింది. అలాంటిది కొంటే రెండే దార్లు. పోగు వెంట కోస్తే గళ్ళు వంకర, గళ్ళ వెంట కోస్తే ఉతికాక ముక్క వంకర. చొక్కాకైతే సర్దుకోవచ్చు. పక్కపక్కనే 54 ముక్కలు అతకాల్సిన చోట అది కుదరదు. ఆ తాను వదిలేశాను.

బట్ట ఖర్చు: రూ. 495

## 2వ దశ: తూకం

చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అన్నదే జీఎస్ఎం. 10 × 10 సెం.మీ. ముక్క కోసి తూచి వందతో గుణించమని అందరూ చెబుతారు. వంటింటి కాటాకి ఈ పద్ధతి పనికిరాదు. అంత ముక్క 0.7 నుంచి 1.1 గ్రాముల మధ్యే ఉంటుంది, ఒక్కో గ్రామే చూపించే కాటా ఆరింటికీ ‘1’ అనే చెప్పింది. పాకెట్ కాటా కొనక్కర్లేదు. ముక్కకు బదులు అరమీటరు మొత్తం తూస్తే చాలు.

1. అరమీటరుకు రెండు మూడు సెం.మీ. ఎక్కువే చింపుతారు. సరిగ్గా 50 సెం.మీ.కి కత్తిరించండి.
2. తూచి రాసుకోండి.
3. వేడినీళ్ళు, సబ్బుపొడిలో అరగంట నానబెట్టి, పిండి, మూడు నీళ్ళు మార్చి, ఎండలో బాగా ఆరబెట్టండి.
4. ఇస్త్రీ చేసి మళ్ళీ తూచండి.

వచ్చిన తూకాలు, ఉతకక ముందు, ఉతికాక:

- కేంబ్రిక్: 47 గ్రా. నుంచి 44. తరుగు 6 శాతం
- రూబియా: 37 నుంచి 36. తరుగు 3 శాతం లోపు
- మంగళగిరి: 40 నుంచి 37. తరుగు 7.5 శాతం
- కలంకారీ: 52 నుంచి 49. తరుగు 6 శాతం
- బండి మీది బట్ట: 61 నుంచి 50. తరుగు 18 శాతం
- ఇకత్: 59 నుంచి 55. తరుగు 7 శాతం

బండి మీది బట్ట కొన్నప్పుడు చేతికి దళసరిగా, బిరుసుగా, ‘బాగుందే’ అనిపించేలా ఉంది. జీఎస్ఎం 109 వచ్చింది. ఉతికాక 90. ఆ దళసరిలో ఆరోవంతు గంజి, పిండి. కొట్లోనే దీన్ని కొంత పసిగట్టవచ్చు. బట్ట మూలని రెండు చేతుల మధ్య పెట్టి బట్టలు రుద్దినట్టు గట్టిగా నలిపి వదలండి. మెత్తబడి, వేళ్ళకు సన్నటి పొడి అంటుకుంటే మీరు గంజికి డబ్బులిస్తున్నట్టు.

టించర్ అయోడిన్ చుక్క వేస్తే గంజి ఉన్న చోట నల్లటి నీలం వస్తుంది. ఈ పరీక్ష మీద నాకు గౌరవం తగ్గింది. మంగళగిరి మీద వేసినా నీలమే వచ్చింది, ఎందుకంటే చేనేతలో పడుగుకు (నిలువు పోగులకు) గంజి పెట్టకుండా మగ్గం మీద నేత సాగదు. గంజి ఉండడం తప్పు కాదు, ఎంత ఉందన్నదే ప్రశ్న. దానికి జవాబు కాటా దగ్గర ఉంది, టించర్ దగ్గర లేదు. ఆ 25 రూపాయలు మిగుల్చుకోండి.

మంగళగిరి తూకంలో ఒక తిరకాసు ఉంది. ఉతకక ముందు జీఎస్ఎం 68, ఉతికాక 69. గంజి పోయి తరుగు వచ్చింది, కానీ బట్ట ముడుచుకుని పోగులు దగ్గరకి జరిగాయి. రెండూ చెల్లుకు చెల్లు అయిపోయాయి. చిన్న ముక్క కోసి తూచేవాళ్ళకి ఇందులో ఏమీ మారలేదనే కనిపిస్తుంది. మొత్తం ముక్క తూచాలనడానికి ఇది రెండో కారణం.

హోల్‌సేల్ కొట్లలో తాను చివర ‘60×60 / 92×88’ లాంటి అంకెలు ఉంటాయి. మొదటి జత నూలు నంబర్లు, పడుగుది, పేకది (అడ్డం పోగులది). నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం. రెండో జత అంగుళానికి ఎన్ని పోగులో చెబుతుంది. దీన్నించి తూకం అంచనా కట్టవచ్చు. పోగుల సంఖ్యని నూలు నంబరుతో భాగించి, పడుగుకీ పేకకీ వచ్చిన రెండూ కూడి, 25.6తో గుణించాలి. 92, 88 కలిపితే 180. దాన్ని 60తో భాగిస్తే 3. దాన్ని 25.6తో గుణిస్తే 77 గ్రాములు. నా కేంబ్రిక్ ఈ రకమే, ఉతికాక 82 తూగింది. ప్రింటుతో కలిపి ఆ మాత్రం తేడా మామూలే. ఉతకని బట్ట 77కి బదులు 100 తూగితే మాత్రం ఆ మిగతాది నూలు కాదని అర్థం.

అమెరికాలో ఉండి ఇది చదివేవాళ్ళకి ఒక మాట. అక్కడ బొంతలకని క్విల్టింగ్ కాటన్ పేరుతో అమ్మేది చదరపు మీటరుకు సుమారు 140 నుంచి 150 గ్రాములు ఉంటుంది. మన కేంబ్రిక్ అందులో సగానికి కాస్త ఎక్కువ. ఆ ప్యాటర్న్‌లలో పావు అంగుళం కుట్టు మార్జిన్ అని ఉండేది ఆ దళసరి బట్టకి రాసినది. మన పల్చటి బట్టకి దాదాపు అంతే మార్జిన్ పెడితే ఏమవుతుందో 7వ దశలో ఉంది.

## 3వ దశ: కాల్చడం, లెక్కపెట్టడం

బండి దగ్గర జరిగింది ఇది. “ప్యూర్ కాటనేనమ్మా, కావాలంటే కాల్చి చూపిస్తా” అని అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించాడు. కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద. నికార్సయిన నూలు. “నిలువు పోగు కూడా కాల్చు బాబూ” అంటే “అన్నీ ఒకటేనమ్మా” అని తాను చుట్టేశాడు.

ఇంట్లో రెండు వైపుల పోగులూ విడివిడిగా కాల్చాను. పేక పోగు నూలే. పడుగు పోగు మాత్రం మంటకు ముడుచుకుని, నల్ల పొగ వదిలి, చివర గట్టి నల్లపూసలా మిగిలింది. వేళ్ళ మధ్య నలిపినా పొడి కాలేదు. పడుగులో పాలిస్టర్ ఉంది. అతను కాల్చింది అబద్ధం కాదు, చూపించింది సగమే.

1. ఒక పడుగు పోగు, ఒక పేక పోగు విడిగా లాగండి. ఒక్కొక్కటి నాలుగైదు పోగులు కలిపి మెలిపెడితే తేలిగ్గా కనిపిస్తుంది.
2. స్టీలు పళ్ళెం మీద, పట్టకారుతో పట్టుకుని కాల్చండి. పక్కన నీళ్ళు ఉంచుకోండి.
3. నూలు: పసుపు మంట, కాగితం వాసన, ఊదితే ఎగిరే బూడిద. పాలిస్టర్: కరిగి ముద్ద. మిక్సింగ్ (రెండూ కలిపిన నూలు) అయితే బూడిదలో గరుకు పలుకులు.

పాలిస్టర్ ఉంటే చెడ్డ బట్ట అని కాదు. మన్నుతుంది, ముడతపడదు. ఎండాకాలం కప్పుకుంటే చెమట పీల్చదు, నూలు ముక్క పక్కన కుట్టి వేడి ఇస్త్రీ పెడితే అదొక్కటే వంకరపోతుంది. 70 రూపాయలకి ఇస్తానన్నది మిక్సింగ్ అని చెప్పి ఇస్తే కొనేవాళ్ళు కొంటారు. ఈ బొంతకి మాత్రం 5వ నంబరు ఇక్కడితో సరి.

పోగుల లెక్క భూతద్దంతో: స్టీలు స్కేలు పక్కన పెట్టి, ఒక సెంటీమీటరులో ఎన్ని పోగులో లెక్కపెట్టి 2.54తో గుణించాలి. కళ్ళు లాగేస్తాయి, ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసుకుని లెక్కపెట్టడం నయం. కేంబ్రిక్‌లో సెంటీమీటరుకు 36, 34 వచ్చాయి, తాను మీది అంకెలతో సరిపోయింది. మంగళగిరిలో 28, 24. ఈ తక్కువ అంకె తర్వాత రెండు చోట్ల అడ్డం తగిలింది.

చేనేత మార్కు గురించి అడిగేవాళ్ళ కోసం: ఆ మార్కు 2006 నుంచి ఉంది. మగ్గం మీద నేసిందని అది చెబుతుంది. రంగు ఆగుతుందా, ఎంత ముడుచుకుంటుంది అన్నది దాని పని కాదు. మార్కు ఉన్న బట్టకీ ఈ పరీక్షలన్నీ చెయ్యాల్సిందే.

## 4వ దశ: ముడుచుకోవడం

ఉతకకముందే ప్రతి బట్ట మీదా 25 సెం.మీ. చదరం పెన్సిల్‌తో గీసి, మూలల్లో దారం ముడి వేశాను. పెన్సిల్ గీత ఉతుకులో పోయినా ముడులు ఉంటాయి. వేడినీళ్ళ ఉతుకు తర్వాత, ఇస్త్రీ చేసి కొలిచినవి, నిలువు తర్వాత అడ్డం:

- కేంబ్రిక్: 24.2, 24.6 (3.2 శాతం, 1.6 శాతం)
- రూబియా: 24.5, 24.7 (2, 1.2)
- మంగళగిరి: 23.7, 24.3 (5.2, 2.8)
- కలంకారీ: 24.6, 24.8 (1.6, 0.8)
- బండి మీది బట్ట: 24.8, 24.9 (0.8, 0.4)
- ఇకత్: 23.9, 24.4 (4.4, 2.4)

రెండు విషయాలు. ఒకటి, నిలువు ఎప్పుడూ అడ్డం కంటే ఎక్కువ ముడుచుకుంది. నేతలో పడుగు బిగించి లాగి ఉంటుంది, నీళ్ళు తగలగానే ఆ బిగువు సడలుతుంది. కాబట్టి ఉతకని బట్టలో ఒక ముక్క నిలువుగా, పక్క ముక్క అడ్డంగా పెట్టి కుట్టితే ఉతికాక బొంత ఉబ్బెత్తులు తేలుతుంది. రెండు, అసలు ముడుచుకోకపోవడం కూడా ఒక సమాచారమే. 5వ నంబరు కాల్చకముందే ఇక్కడ పట్టుబడి ఉండేది.

కలంకారీ ఎందుకు తక్కువ ముడుచుకుంది? అచ్చు పని మొదలుకాకముందే గంజి పోయేలా ఉతికి, కరక్కాయ నీళ్ళలో ముంచి, అద్దకం తర్వాత ఎర్ర రంగు కోసం మరిగించి, మళ్ళీ ఉతుకుతారు. మన చేతికి వచ్చేసరికి సగం పాత చీర అయి ఉంటుంది. మీటరుకు 70 రూపాయలు కేంబ్రిక్ కంటే ఎక్కువ ఇచ్చామంటే అందులో ఈ ఉతుకులూ ఉన్నాయి.

## 5వ దశ: ముక్కకు ఎంత పడింది

మొదట చదరపు మీటరుకు లెక్క కట్టాను. ఉతికాక మిగిలిన పన్నాలోంచి రెండు అంచులకు 3 సెం.మీ. తీసేసి, మిగిలిన నిలువుతో గుణించి, ధరని దానితో భాగించడం. రూబియా రూ. 105, కేంబ్రిక్ రూ. 116, కలంకారీ రూ. 179, ఇకత్ రూ. 248, మంగళగిరి రూ. 267. దీని ప్రకారం రూబియా చవక.

ఈ లెక్క బొంతకి చాలదు. బట్ట చదరపు మీటర్లలో పడదు, ముక్కల్లో పడుతుంది.

కేంబ్రిక్ ఉతికాక వాడుకోగల వెడల్పు 107 సెం.మీ. 26.5 సెం.మీ. ముక్కలు నాలుగంటే 106. మిగిలేది సెంటీమీటరు చిల్లర. కత్తెర కాస్త జరిగినా నాలుగో ముక్క పోయి మూడే వస్తాయి. అందుకే ముక్కని కుట్టాక 24, కోసేటప్పుడు 25.5 సెం.మీ.కి మార్చాను. నాలుగింటికి 102, ఊపిరి పీల్చుకునే జాగా ఉంది. తగ్గిన సైజు చుట్టూ 4 సెం.మీ. అంచు వేసి పూడ్చాను. బొంత 152 × 224 అయింది.

నిలువులో కూడా ఇదే కథ. ఒక మీటరు కేంబ్రిక్ ఉతికాక 96.8 సెం.మీ. అందులో మూడు వరసలే. అంటే 12 ముక్కలు, ఒక్కోటి రూ. 10. అదే 1.1 మీటరు కోయిస్తే నాలుగు వరసలు, 16 ముక్కలు, రూ. 132, ఒక్కోటి రూ. 8.25. పన్నెండు రూపాయలు ఎక్కువ పెడితే నాలుగు ముక్కలు వచ్చాయి. లెక్క చూడకుండా ‘ఒక మీటరు ఇవ్వండి’ అనడం ఖరీదైన అలవాటు.

1.1 మీటరు చొప్పున ముక్కకు:

- కేంబ్రిక్: 16 ముక్కలు, రూ. 8.25
- రూబియా: 12 ముక్కలు (36 పన్నాలో అడ్డం మూడే), రూ. 8.25
- కలంకారీ: 16 ముక్కలు, రూ. 13
- మంగళగిరి: ముడుచుకోవడం ఎక్కువ కాబట్టి 1.15 మీ., 16 ముక్కలు, రూ. 20
- ఇకత్: 1.15 మీ., 12 ముక్కలు, రూ. 23

చదరపు మీటరుకు పదకొండు రూపాయలు చవకైన రూబియా ముక్కల లెక్కలో కేంబ్రిక్‌తో సమానమైపోయింది. ఇకత్ ఇంకా ఘోరం. వాడుకోగల వెడల్పు 101.1, కావాల్సింది 102. తొమ్మిది మిల్లీమీటర్ల కోసం ప్రతి వరసలో ఒక ముక్క పోయింది. చెప్పినట్టు 44 పన్నానే ఉంటే పోయేది కాదు. ఇకత్‌ని ముక్కలకి వద్దనుకుని చుట్టూ అంచుకీ గోటుకీ మార్చాను. సన్నటి పట్టీలకి వెడల్పు అడ్డురాదు.

## 6వ దశ: రంగు

ఎక్కువ సమయం తిన్న దశ ఇదే.

పరీక్ష:

1. ముక్క మీద తెల్ల గుడ్డతో పదిసార్లు పొడిగా రుద్దండి. తర్వాత గుడ్డ తడిపి పదిసార్లు.
2. అరచేయంత ముక్కకి అంతే తెల్ల రూబియా కలిపి టాకాలు వేయండి.
3. స్టీలు గ్లాసులో వేడినీళ్ళు, అర చెంచా సబ్బుపొడి వేసి అరగంట ఉంచండి.
4. ఆరాక తెల్ల రూబియాని ముంచని తెల్ల ముక్క పక్కన పెట్టి పగటి వెలుతురులో చూడండి.

నమూనాగా తెచ్చిన కేంబ్రిక్ ఆకుపచ్చ. అది పాసయ్యింది. అదే రకంలో మెరూన్ నచ్చి 1.1 మీటరు తీసుకున్నాను (రూ. 132). ఒకే మిల్లు, ఒకే తాను సైజు, ఒకే ధర. మెరూన్ పొడి రుద్దుడుకి మరక వదల్లేదు. తడి రుద్దుడుకి గులాబి. సబ్బు నీళ్ళలో తెల్ల రూబియా పూర్తిగా గులాబి అయింది. ఒక రంగు పాసైతే ఆ రకమంతా పాసైనట్టు కాదు. ప్రతి రంగుకీ విడిగా చెయ్యాలి, ముఖ్యంగా మెరూన్, ఎరుపు, ముదురు నీలం, నలుపు.

కొట్లో చెప్పిన మందు అందరూ చెప్పేదే: “ఉప్పు నీళ్ళలో రాత్రంతా నానబెట్టండమ్మా, రంగు కూర్చుంటుంది.” రెండు ముక్కలతో చూశాను. ఒకటి ఉప్పు నీళ్ళలో, ఇంకోటి మామూలు నీళ్ళలో. పొద్దున ఉప్పు గ్లాసులో నీళ్ళు దాదాపు తేటగా ఉన్నాయి, మామూలు గ్లాసులో గులాబి. ఇక్కడే ఆగితే ఉప్పు పనిచేసిందనే అనుకుంటాం. ఆ రెంటినీ వేడి సబ్బు నీళ్ళలో వేశాను. ఉప్పు ముక్కే ఎక్కువ రంగు వదిలింది. ఉప్పు రంగుని కూర్చోబెట్టలేదు, ఆ కాసేపు నీళ్ళలోకి రానివ్వలేదంతే. అద్దకంలో ఉప్పు వాడతారు, నిజమే. తొట్టిలో రంగుని బట్ట వైపు నెట్టడానికి. రియాక్టివ్ రంగుల్ని (నూలుకి వేసే ఒక రకం రసాయన రంగులు) పోగుకి కట్టిపడేసేది చాకలి సోడా. అద్దకం అయిపోయాక, సరిగ్గా కడగని అదనపు రంగు బట్ట మీద మిగిలితే దాన్ని వదిలించడమే దారి. వేడి సబ్బు నీళ్ళు, మళ్ళీ వేడి సబ్బు నీళ్ళు.

మెరూన్‌కి అదీ చేశాను. నాలుగో వేడి ఉతుకులో కూడా తెల్ల ముక్క గులాబి పట్టింది. పక్కన పెట్టేశాను. సంచికి పనికొస్తుంది, తెలుపు పక్కన కుట్టడానికి కాదు.

బట్ట ఖర్చు: 495 + 132 = రూ. 627

కలంకారీ పరీక్ష వేరే. కలంకారీ డిజైను స్క్రీన్ మీద కొట్టి అదే పేరుతో అమ్మే బట్ట చాలా ఉంది. చెక్క అచ్చుతో కొట్టిందైతే అచ్చుకీ అచ్చుకీ మధ్య కలిసే చోట గీత ఒక పిసరు తప్పుతుంది, రంగు ఒత్తిడి అచ్చు అచ్చుకీ మారుతుంది. మీటరు పొడవునా ఒకే పువ్వు ఒకే రకంగా ఉంటే అనుమానించాలి. నలుపుకి ఇంకో పరీక్ష ఉంది. సహజరంగుల పద్ధతిలో నలుపు బెల్లం నీళ్ళలో ఊరబెట్టిన ఇనుముకీ, బట్టలోని కరక్కాయకీ కలిసి పుడుతుంది. దాని మీద నిమ్మరసం చుక్క వేసి కాసేపు ఉంచితే ఆ నలుపు వెలిసి గోధుమరంగుకి తిరుగుతుంది. మామూలు ప్రింటు నలుపు చెక్కుచెదరదు. నా నమూనా మూల గోధుమరంగుకి తిరిగింది. మూల మీదే చెయ్యండి, మధ్యలో కాదు.

ఇంత మురిసిపోయిన ఆ ఇనుము నలుపే ఏళ్ళు గడిచేకొద్దీ నూలుని తినేస్తుంది. పాత కలంకారీల్లో నల్ల గీతల వెంట బట్ట చిట్లడం అందుకే. అందుచేత నేల మొత్తం నలుపు ఉన్న డిజైను వద్దని, మీగడరంగు నేల మీద సన్నటి నల్ల గీతలున్నది తీసుకున్నాను. సబ్బుపొడి కూడా దీనికి పడదు, క్షారానికి ఎరుపు, పసుపు ఛాయ మారతాయి. తూకం కోసం వేడినీళ్ళలో ఉతికిన ముక్కలో ఎరుపు కాస్త ఊదా వైపు జరిగింది. అసలు బట్టని కుంకుడు రసంతో, చల్లనీళ్ళలో ఉతికాను.

ఖరారైన కొనుగోలు:

- ఆకుపచ్చ కేంబ్రిక్ 1.1 మీ.: రూ. 132 (16 ముక్కలు)
- కలంకారీ 1.1 మీ.: రూ. 209 (16)
- ఆవపిండి రంగు మంగళగిరి 1.15 మీ.: రూ. 322 (16)
- తెల్ల రూబియా 0.55 మీ.: రూ. 50 (6)
- అంచుకి ఇకత్ 1 మీ.: రూ. 240

బట్ట ఖర్చు: 627 + 953 = రూ. 1,580. ముక్కలు 54కి 54.

## 7వ దశ: కుట్టులో బయటపడినవి

మంగళగిరి పల్చటి నేత. 0.75 సెం.మీ. మార్జిన్‌తో రెండు ముక్కలు కుట్టి, కుట్టుకి అటూ ఇటూ పట్టుకుని లాగితే పోగులు జరిగి కుట్టు పక్కన 2 మి.మీ. సందు పడింది. గోరుతో అడ్డంగా గీకినా పోగులు పక్కకి జరుగుతాయి. కొట్లో చెయ్యగల పరీక్ష ఇదే, గోరు చాలు. మార్పులు: మంగళగిరి ముక్కలకి మాత్రం 1 సెం.మీ. మార్జిన్ (అంటే 26 సెం.మీ. కోత), మిషన్ కుట్టు పొడవు 2.5 నుంచి 2 మి.మీ.కి, సూది 14 నంబరు నుంచి 11కి. పక్క ముక్క మార్జిన్ వేరు కాబట్టి అంచులు కలిపి కుట్టకూడదు. వెనక పెన్సిల్‌తో కుట్టుగీత గీసి, గీతలు కలిపి కుట్టాలి.

మధ్య పొరకి మొదట పాలిస్టర్ వాడింగ్ (దూదిలాంటి పొర) అరమీటరు తెచ్చాను (రూ. 60). చిన్న నమూనా కుట్టి నలిపి ఉతికితే మంగళగిరి సందుల్లోంచి తెల్లటి పోగులు పైకి వచ్చాయి, ఆవపిండి రంగు మీద బూజు పట్టినట్టు. కేంబ్రిక్ వైపు ఒక్కటీ రాలేదు. పల్చటి నేత కింద వాడింగ్ వద్దు. పాత నేత చీరలు రెండు పరిచాను, ఒక్కో పొరకి ఒక్కో చీర. చీరకి ఒకటే పరీక్ష: రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకుని టక్కున లాగడం. మడతల దగ్గర, కింది అంచు దగ్గర చిరిగితే అంతమేర కోసెయ్యాలి.

వెనక గుడ్డకి ఇంట్లో ఉన్న కొత్త సాటిన్ దుప్పటి అనుకున్నాను. కవరు మీద 300 పోగులు అని గొప్పగా ఉంది. చేతికుట్టుకి ఆ గొప్పే ఇబ్బంది. సూది దిగాలంటే ప్రతి కుట్టుకీ వేలితో పొడవాలి. మంచం మీద పరుచుకోవడానికి దట్టమైన నేత మంచిదే, నాలుగు పొరల్లోంచి చేత్తో కుట్టడానికి కాదు. షీటింగ్ గుడ్డకి మారాను. వెనక గుడ్డ చుట్టూ 8 సెం.మీ. వదులుతో 168 × 240 కావాలి. 90 పన్నా అంటే 228 సెం.మీ., ఉతకకముందే చాలదు. 100 పన్నా తీసుకుంటే అతుకు లేకుండా సరిపోయింది. 1.8 మీటర్లు, మీటరు రూ. 260, మొత్తం రూ. 468.

బట్ట ఖర్చు: 1,580 + 60 + 468 = రూ. 2,108. దారం రూ. 120. కలిపి రూ. 2,228.

## 8వ దశ: ఉతికాక

చల్లనీళ్ళు, కుంకుడు రసం, నీడపట్టున ఆరబెట్టడం. 152 × 224 ఉన్నది 151 × 222 అయింది. తెల్ల రూబియా ముక్కలు ఆరూ తెల్లగానే ఉన్నాయి, కలంకారీ పక్కన ఉన్నవి కూడా. బరువు కిలోంబావు.

మంగళగిరి కుట్లు రెండు చోట్ల మిల్లీమీటరు నోరు తెరిచాయి, రెండూ మూలల దగ్గర. అక్కడ చేత్తో వెనక్కుట్టు వేశాను.

2,228లో బొంతలోకి చేరనివి: నమూనాలు 495, మెరూన్ 132, వాడింగ్ 60, వెరసి రూ. 687. నూటికి 31 రూపాయలు పరీక్షలకే పోయాయి. రెండో బొంతకి ఇందులో చాలా మటుకు ఉండదు. కేంబ్రిక్, కలంకారీ అవే కొట్లలో నమూనా లేకుండా కొంటాను, రంగు పరీక్ష మాత్రం కొత్త రంగు వచ్చిన ప్రతిసారీ. మంగళగిరి ముక్కకు 20 రూపాయలు, పైగా అదనపు మార్జిన్, అదనపు కుట్టు. రంగు నిండుదనం కోసం మళ్ళీ తీసుకుంటాను గానీ పదహారు కాదు, ఆరు ముక్కలకి. ఇకత్ కొనేముందు టేపు.